స్టాఫ్‌రూమ్‌లో మొహమాటం, నమ్మకం

యాప్‌లు రాకముందు చాలా సర్కారు బడుల్లో హాజరు రిజిస్టరు మధ్య ఒక మడత కాగితం ఉండేది. ‘అనివార్య కారణాల వల్ల ఈ రోజు బడికి రాలేకపోతున్నాను, ఒక రోజు సీఎల్ మంజూరు చేయ ప్రార్థన’ అని రాసి, కింద సంతకం చేసి, తేదీ మాత్రం వేయకుండా వదిలేసిన కాగితం. టీచరు బడికి వస్తే అది అలాగే ఉండిపోయేది. రాకపోయినా, తనిఖీకి ఎవరూ రాకపోతే అలాగే ఉండిపోయేది. ఎంఈఓ (మండల విద్యాధికారి) బండి ఊళ్లోకి వచ్చిందని కబురు అందితే మాత్రం హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు) పెన్ను తీసి ఆ ఖాళీలో తేదీ వేసేసేవారు. అన్ని బడుల్లో ఇలాగే జరిగిందనడం అన్యాయం. కానీ ఈ కాగితం సంగతి వినని టీచరు తెలుగు నేల మీద దొరకడం కష్టం.

దీనికి స్టాఫ్‌రూమ్ భాషలో ఒక పేరుంది: అండర్‌స్టాండింగ్. ‘మా స్టాఫ్ అంతా మంచి అండర్‌స్టాండింగ్‌తో ఉంటాం’ అన్న మాటలో నిజంగానే ఆప్యాయత ఉంటుంది. ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తే ఒకరి క్లాసు ఇంకొకరు చూసుకుంటారు. రిటైర్‌మెంట్ రోజున శాలువాలు, కన్నీళ్లు, తలా ఒక ఇంటి నుంచి ఒక్కో వంటకం. బయటి నుంచి చూస్తే ఇంతకన్నా గట్టి జట్టు ఉండదనిపిస్తుంది. అయితే అదే స్టాఫ్‌రూమ్‌లో మూడో తరగతి టీచరు ఒకరు, ‘నా క్లాసులో 31 మంది ఉంటే 14 మందికి గుణింతాలు రావడం లేదు. నాకు తెలిసిందంతా చేశాను. ఇక ఏం చేయాలో పాలుపోవడం లేదు’ అని నోరు తెరిచి అనగలరా? చాలా చోట్ల అనలేరు. అంటే రెండో తరగతి చెప్పిన మేడంను వేలెత్తి చూపినట్టవుతుంది. తన చేతకానితనాన్ని తానే బయట పెట్టుకున్నట్టవుతుంది. హెచ్‌ఎం చెవిన పడితే రేపు అది ఏ నివేదికలోకి ఎక్కుతుందో తెలియదు. ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. ఆ 14 మంది అలాగే నాలుగో తరగతిలోకి వెళ్లిపోతారు.

బడి జట్టు గురించి మాట్లాడేటప్పుడు మొహమాటాన్ని, నమ్మకాన్ని విడదీసి చూడకపోతే చర్చ మొదటి అడుగులోనే దారి తప్పుతుంది. మొహమాటం ఉన్నచోట ఒకరినొకరు ఏమీ అడగరు, అందువల్లే సంబంధం నిలుస్తుంది. నమ్మకం ఉన్నచోట అడిగినా నిలుస్తుంది. ఈ తేడా స్టాఫ్‌కు పెద్దగా తెలియకపోవచ్చు, పిల్లలకు మాత్రం జీవితకాలం తెలుస్తుంది. పిల్లలు ఏమాత్రం చదవగలరో ఇళ్లకు వెళ్లి చూసే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 27.1 శాతమే. ఇలాంటి లోటు ఒక్క టీచరు ఒక్క ఏడాదిలో తెచ్చిపెట్టేది కాదు. ఏటా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ, ఏ చేతి దగ్గరా ఎవరూ ఆగి మాట్లాడుకోకపోవడం వల్ల పేరుకుపోయేది. పూడ్చాలన్నా అన్ని చేతులూ కలవాలి.

షికాగోలో తేలిన సంగతి

నమ్మకం మెత్తటి మాట, కొలవడానికి వీల్లేనిది అనుకుంటారు. దాన్ని కొలిచి చూసిన పెద్ద ప్రయత్నం అమెరికాలోని షికాగోలో జరిగింది. 1988లో ఇల్లినాయ్ రాష్ట్రం ఒక చట్టం చేసి, షికాగో నగరంలోని ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రులు ఎక్కువమంది ఉండే స్థానిక మండలిని ఏర్పాటు చేసింది. ప్రిన్సిపాల్‌ను ఎంచుకునే అధికారం కూడా ఆ మండలికే ఇచ్చింది. ఊరు ఒకటే, చట్టం ఒకటే. అయినా తర్వాతి పదేళ్లలో కొన్ని బడులు బాగుపడ్డాయి, కొన్ని ఉన్నచోటే ఉండిపోయాయి. ఎందుకిలా అన్న ప్రశ్నతో ఆంథనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ అనే ఇద్దరు పరిశోధకులు 400కు పైగా ప్రాథమిక బడుల సమాచారం పరిశీలించారు. ప్రిన్సిపాల్ మీద, తోటి టీచర్ల మీద, తల్లిదండ్రుల మీద మీకెంత నమ్మకముందని టీచర్లనే అడిగి, ఆ జవాబులను పిల్లల ఫలితాలతో పక్కపక్కన పెట్టి చూశారు.

నమ్మకం బాగా ఉన్న బడుల్లో ప్రతి రెండింటిలో ఒకటి బాగుపడింది. నమ్మకం అడుగంటిన బడుల్లో ప్రతి ఏడింటిలో ఒకటి మాత్రమే బాగుపడింది. 1994లోనూ 1997లోనూ, రెండుసార్లు అడిగినా నమ్మకం తక్కువగానే కనబడిన బడులకు చదువులోగానీ లెక్కల్లోగానీ మెరుగుపడే అవకాశం దాదాపు లేకుండా పోయింది. నమ్మకం దానంతటది అక్షరాలు నేర్పదని వాళ్లే చెప్పారు. కొత్త పద్ధతి ఏదైనా తలకెత్తుకుని ప్రయత్నించడానికి, తప్పితే సర్దుకోవడానికి కావాల్సిన ధైర్యం దాని నుంచి వస్తుందని వారి వివరణ.

ఆ నమ్మకాన్ని వాళ్లు నాలుగు పాయలుగా చూశారు. ఎదుటివారి మాటను విలువిచ్చి వినడం. ఉద్యోగ బాధ్యత దాటి మనిషిగా పట్టించుకోవడం. చేయాల్సిన పని చేతనవడం. చెప్పిన మాటకూ చేసే పనికీ పొంతన ఉండటం. మన తేదీ లేని సెలవు చీటీని ఈ నాలుగింటి పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. అందులో రెండోది మాత్రమే ఉంది. సాటి మనిషి కష్టాన్ని పట్టించుకోవడం కోసం నాలుగోదాన్ని, అంటే నిజాయితీని, పణంగా పెట్టారు. ఇలా ఒక పాయను ఇంకో పాయకు తాకట్టు పెట్టి కట్టుకున్న ఐకమత్యం హెచ్‌ఎం మారితే చెదిరిపోతుంది, ఒక్క ఫిర్యాదు పైకి వెళ్తే ముక్కలవుతుంది. అప్పుడు ఆ స్టాఫ్‌లో ఎవరు పైకి రాసి ఉంటారన్న అనుమానం ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

టైమ్‌టేబుల్ చెప్పే కథ

ఒక హైస్కూల్లో నమ్మకం ఎంతుందో తెలుసుకోవాలంటే సర్వే అక్కర్లేదు. టైమ్‌టేబుల్ చూస్తే చాలు. జూన్ రెండో వారంలో బడి తెరిచిన నాలుగైదు రోజుల్లో తయారయ్యే ఆ ఒక్క కాగితం మీద స్టాఫ్‌లోని అధికారం, అభిమానం, భయం, అలక అన్నీ గడులు గడులుగా కనబడతాయి.

హెచ్‌ఎం పేరు పదో తరగతి ఫలితాలతో ముడిపడి ఉంటుంది. కాబట్టి బాగా చెబుతారన్న పేరున్న స్కూల్ అసిస్టెంట్లకు (హైస్కూల్లో సబ్జెక్టు టీచర్లకు) పదో తరగతి వెళుతుంది. మిగిలినవారికి మిగిలినవి. ఆరో తరగతి అన్నది చాలా బడుల్లో ‘ఎవరో ఒకరు చూస్తార్లే’ అనే కోవలోకి వస్తుంది. ప్రాథమిక బడి నుంచి కూడబలుక్కుని కూడా చదవలేని స్థితిలో వచ్చిన పిల్లలు ఉండేది సరిగ్గా ఆ తరగతిలోనే. నాలుగేళ్ల తర్వాత ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి పదో తరగతిలో ఆయాసపడేది ఆ లోటు కోసమే. ఈ సంగతి స్టాఫ్‌లో అందరికీ తెలుసు. దాన్ని టైమ్‌టేబుల్ వేసే రోజున చెప్పగలిగే స్టాఫ్‌లు తక్కువ.

టైమ్‌టేబుల్ వేసే తీరులు రెండున్నాయి. మొదటిది: హెచ్‌ఎం, ఆయనకు దగ్గరైన ఒకరిద్దరు గదిలో కూర్చుని వేసి, మర్నాడు నోటీసు బోర్డుకు అంటించేది. రెండోది: ఖాళీ చార్టు స్టాఫ్‌రూమ్ బల్ల మీద పరిచి, ఎవరికెన్ని పీరియడ్లు, ఏ తరగతి, ఎందుకు అన్నది అందరి ముందూ మాట్లాడుకుని నింపేది. రెండోదానికి ఒక పూట పడుతుంది, గొంతులు లేస్తాయి, ఒకరిద్దరు అలుగుతారు కూడా. అయినా ఆ పూట ఖర్చు పెట్టిన హెచ్‌ఎంకు ఏడాదంతా కలిసొస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ. ఒక మేడం అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ రెండు రోజులూ మొదటి పీరియడ్‌కు అందుకోవడం కష్టం. మూసిన గదిలో హెచ్‌ఎం ఆమెకు ఆ పీరియడ్లు తప్పించారనుకుందాం. చార్టు చూసిన మిగతావారికి కనబడేది ఒక్కటే: ఆవిడకు మాత్రం మొదటి పీరియడ్ లేదు. కారణం వాళ్లే ఊహించుకుంటారు. ఆ ఊహలో కులం ఉండొచ్చు, యూనియన్ ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. అదే వెసులుబాటు బల్ల దగ్గర జరిగితే, ఆవిడ తన ఇబ్బంది తానే చెప్పుకుంటే, ‘మంగళవారం నేను చూసుకుంటా మేడం, నా గురువారం ఆఖరి పీరియడ్ మీరు తీసుకోండి’ అని పక్కనున్న లెక్కల సారే అంటారు. ఇచ్చింది అదే వెసులుబాటు. గదిలో ఇస్తే పక్షపాతమైంది, బల్ల మీద ఇస్తే ఆదరణ అయింది.

రాని టీచరు క్లాసును ఇంకొకరికి సర్దే చీటీ సంగతి కూడా ఇంతే. లీజర్ పీరియడ్ ఉన్నవారికి ఆ చీటీ వెళుతుంది. ఎవరికి ఎక్కువగా వెళుతుంది? కాదనలేనివారికి. అంటే కొత్తగా డీఎస్సీలో వచ్చినవారికి, కాంట్రాక్టు మీద ఉన్నవారికి, పెద్దగా మాట్లాడనివారికి. నెలాఖరున ఆ చీటీలు లెక్కపెట్టి, ఎవరు ఎన్ని అదనపు క్లాసులు చూశారో స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపించే హెచ్‌ఎం ఉంటే, రెండో నెలకల్లా పంపకం దానంతటదే సరిపడుతుంది. ఎవరినీ నిలదీయాల్సిన పని ఉండదు.

హెచ్‌ఎం తానే పాఠం చెబుతారా లేదా అన్నది స్టాఫ్ గమనించినంతగా ఇంకెవరూ గమనించరు. ఆరో తరగతిలో వెనకబడిన పిల్లల బృందాన్ని తానే తీసుకుని, వారానికి నాలుగు పీరియడ్లు సుద్దముక్క పట్టుకునే హెచ్‌ఎం, మిగతావారిని ‘మీ క్లాసు ఎలా నడుస్తోంది?’ అని అడిగితే అది తనిఖీలా వినబడదు. తనకూ ఆ కష్టం తెలుసు కాబట్టి. ‘ఈ ముగ్గురూ నాకూ అందడం లేదు సార్, మీరొకసారి చూస్తారా?’ అని హెచ్‌ఎం తెలుగు సారును అడిగిన రోజున ఆ స్టాఫ్‌రూమ్‌లో ఏదో మారుతుంది. మూడో తరగతి టీచరు నోట రాని మాట అదే కదా. పెద్ద కుర్చీలో ఉన్నవారు ముందు అంటే, చిన్న కుర్చీల్లో ఉన్నవారికి అనడం తేలికవుతుంది.

డబ్బు దగ్గర కూడా ఇదే సూత్రం. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద బడికి పిల్లల సంఖ్యను బట్టి ఏటా 10,000 నుంచి 1,00,000 రూపాయల దాకా గ్రాంటు వస్తుంది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ సుద్దముక్కలు, చీపుళ్లు, కరెంటు పని, ఫ్యాను రిపేరు దాంట్లోంచే. ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది స్టాఫ్‌కు తెలియని బడిలో హెచ్‌ఎం పైసా తినకపోయినా తిన్నాడన్న మాట పుడుతుంది. ఒక సాదా కాగితం మీద జమ, ఖర్చు రాసి బిల్లుల నకళ్లతో స్టాఫ్‌రూమ్ గోడకు తగిలిస్తే ఆ మాటకు చోటుండదు. ఆ పని చేయడానికి పావుగంట పడుతుంది.

ఇద్దరే ఉన్న బడి

జట్టు అనగానే పదిమంది స్టాఫ్ ఉన్న హైస్కూలు కళ్ల ముందు మెదులుతుంది. తెలుగు రాష్ట్రాల్లో లెక్కలేనన్ని ప్రాథమిక బడుల్లో ఉండేది ఇద్దరే. విద్యా హక్కు చట్టం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. వారిలో సీనియర్ ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) ఇన్‌ఛార్జి హెచ్‌ఎం. అధికారమేమీ రాదు, బాధ్యతలు మాత్రం వస్తాయి: మధ్యాహ్న భోజనం లెక్కలు, గుడ్ల స్టాకు, యాప్‌లలో ఎంట్రీలు, మండల కేంద్రంలో మీటింగులు. ఆయన మీటింగ్‌కు వెళ్లిన రోజు మిగిలిన టీచరు ఒంటరిగా ఐదు తరగతులను ఒక వరండాలో కూర్చోబెట్టుకుంటారు.

అక్కడ పుట్టే తగాదా ఎప్పుడూ ఒకటే: ‘రాతపని పేరుతో పాఠం నా నెత్తిన వేశారు’ అని ఒకరు, ‘బడి మొత్తం భారం నా మీదే, ఆయనది హాయి’ అని ఇంకొకరు. ఇద్దరి మాటా నిజమే. పది మంది ఉన్నచోట ఇద్దరికి పడకపోయినా బడి నడుస్తుంది. ఇద్దరే ఉన్నచోట పడకపోతే ఆ ఊరి పిల్లల ఐదేళ్లూ అందులోనే పోతాయి. ఇలాంటి చోట్ల పనిచేసే ఏర్పాట్లు చూడటానికి చాలా మామూలుగా ఉంటాయి. ఏ తరగతులు ఎవరివన్నది ఏడాది మొదట్లో రాసి పెట్టుకోవడం. యాప్ పనికి ఒక వేళ కేటాయించి, పాఠం వేళలో ఫోన్ బీరువాలో పెట్టడం. శుక్రవారం పిల్లలు వెళ్లాక అరగంట కూర్చుని ఒక్కో పిల్లవాడి పేరు చదువుకుంటూ, ఎవరు ఎక్కడ ఆగారో మాట్లాడుకోవడం. 40 మంది పిల్లలున్న బడిలో అది సాధ్యమే. పెద్ద బడులకు లేని అదృష్టం అది.

ఈ జట్టులో లెక్కలోకి రానివారూ ఉన్నారు. పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించే వంట అక్క, మరుగుదొడ్లు కడిగే ఆయమ్మ. ఏ పిల్ల అన్నం మానేస్తోందో, ఎవరి నాన్న తాగి వచ్చి గొడవ చేశాడో వీళ్లకు తెలిసినంతగా టీచర్లకు తెలియదు. బిల్లులు నెలల తరబడి రాకపోయినా కిరాణా కొట్లో అప్పు చేసి వండేది వీళ్లే. స్టాఫ్ మీటింగ్‌లో వీళ్లకు కుర్చీ వేసే బడులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక కులం. స్టాఫ్‌రూమ్‌లో ఎవరి టిఫిన్ బాక్సులో కూర ఎవరు పంచుకుంటారన్నది చూడగలిగినవారికి కనబడుతుంది. ఎవరూ ఏమీ అనరు. అనుకోవాల్సిన పనిలేకుండానే జరిగిపోతుంది. యూనియన్ల పోటీ కనీసం బాహాటంగా ఉంటుంది, సభ్యత్వాల సీజన్‌లో కాస్త వేడెక్కి, డైరీలు పంచాక చల్లారుతుంది. భోజనం బల్ల దగ్గరి గీత అలా చల్లారదు. దాన్ని దాటకుండా కట్టిన ఏ జట్టైనా సగం జట్టే.

పై నుంచి వచ్చే అపనమ్మకం

స్టాఫ్‌రూమ్‌ను ఒక్కదాన్నే చూసి మాట్లాడటం సబబు కాదు. ప్రభుత్వం టీచరును నమ్మని చోట హెచ్‌ఎం టీచరును నమ్మాలంటే ఎలా?

ఆ అపనమ్మకానికి ఆధారం లేకపోలేదు. 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్లి చూసిన సర్వేలో ప్రభుత్వ ప్రాథమిక బడుల టీచర్లలో 25 శాతం బడిలో లేరు. ఉన్నవారిలోనూ అందరూ పాఠం చెబుతూ కనబడలేదు. అయితే 2017లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 6 రాష్ట్రాల్లో 619 బడులు చూసి, బడిలో లేని 18.5 శాతం మంది ఎక్కడికి వెళ్లారని కూడా అడిగింది. ఎక్కువమంది శిక్షణలో, ప్రభుత్వ పని మీద, మంజూరైన సెలవులో ఉన్నారు. ఏ కారణమూ లేకుండా రానివారు 2.5 శాతం. మొదటి అంకె చాలా ఏళ్లు పత్రికల్లో తిరిగింది. రెండోది టీచర్ల మీటింగుల్లో తప్ప పెద్దగా వినబడదు.

నిఘా పనిచేయదని అనడం కూడా నిజం కాదు. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ ప్రాంతంలో సేవామందిర్ అనే సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో రోజూ తేదీ, సమయంతో ఫొటో తీయించి, వచ్చిన రోజులను బట్టి జీతం ఇచ్చారు. గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి పడిపోయింది, పిల్లల చదువూ మెరుగైంది. కానీ అవి ఒక్క మనిషి ఉండే కేంద్రాలు. అక్కడ స్టాఫ్‌రూమే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో, తెలంగాణలో 2025 ఆగస్టులో మొదలైన ముఖ హాజరు (ఫోన్ యాప్‌లో ముఖం చూపించి వేసే హాజరు) మనిషి గేటు లోపలికి వచ్చాడని చెబుతుంది. మొదట్లో చెప్పుకున్న మడత కాగితానికి అది చెక్ పెట్టింది, అది మంచిదే. లోపలికి వచ్చాక ఆరో తరగతి భారాన్ని ఎవరు మోస్తారన్నది దాని పరిధిలో లేదు. సర్వర్ అందక వరండాలో ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ ఐదుగురు టీచర్లలో ఆ పూట కలిగేది తోటివారి మీద నమ్మకం కాదు, పైవారి మీద ఉక్రోషం. ఆ ఉక్రోషం కూడా స్టాఫ్‌ను ఏకం చేస్తుంది. అయితే అలా ఏకమైన స్టాఫ్ తొందరగా వెనకటి అండర్‌స్టాండింగ్‌కే మళ్లుతుంది.

డబ్బు ఆశ చూపితే జట్టు తయారవుతుందా? దీనికి జవాబు మన దగ్గరే దొరికింది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సహకారంతో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేపట్టిన ప్రయోగంలో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. 100 బడుల్లో ఎవరి తరగతి ఫలితానికి వారికి విడిగా, మరో 100 బడుల్లో బడి మొత్తం ఫలితాన్ని బట్టి అందరికీ సమానంగా. మొదటి ఏడాది రెండు రకాల బడులూ సమానంగా మెరుగుపడ్డాయి. రెండో ఏడాది నుంచి విడిగా బోనస్ ఇచ్చినవి ముందుకెళ్లాయి. ఐదేళ్లకు ఆ తేడా ఇంకా పెరిగింది. ముగ్గురు నలుగురే ఉండే చిన్న బడుల్లో కూడా ఉమ్మడి బోనస్ కలిసి పనిచేయించలేకపోయింది.

దీన్ని చూసి ‘చూశారా, జట్టు గిట్టు వట్టి మాట, ఎవరి లాభం వారికి చూపిస్తేనే పని జరుగుతుంది’ అనేవారున్నారు. ఆ ముగింపు తొందరపాటు. ఆ బడుల్లో ఉమ్మడిగా ఉన్నది బోనస్ ఒక్కటే. పాఠం ఎప్పటిలాగే ఎవరి గదిలో వారిది. కలిసి ఆలోచించే వేళగానీ, ఒకరి క్లాసు ఒకరు చూసే పద్ధతిగానీ ఎవరూ ఏర్పాటు చేయలేదు. పని విడివిడిగా ఉంచి ఫలితాన్ని మాత్రం కలిపితే, బాగా చెప్పేవారికి తమ కష్టం పంచుకుపోయినట్టే అనిపిస్తుంది. కాగితం మీద కలపడం వల్ల కూడా ఒరిగేది లేదు. మధ్యప్రదేశ్‌లో బడులను శ్రద్ధగా మదింపు చేసి, ప్రతి బడికీ అభివృద్ధి ప్రణాళిక రాయించిన కార్యక్రమాన్ని మురళీధరన్, అభిజీత్ సింగ్ పరిశీలిస్తే, ప్రణాళికలైతే తయారయ్యాయి, తరగతి గదిలో బోధనలోగానీ పిల్లల చదువులోగానీ మార్పు కనబడలేదు. మన బడుల బీరువాల్లో ఉన్న ప్రణాళికల కట్టలు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ప్రైవేటు బడుల్లో అపనమ్మకం చేరిన రోజునే మొదలవుతుంది. చాలా చోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టాల్సిందే. ఏడాది మధ్యలో మానేస్తారేమోనన్న భయంతో తీసుకునే తాకట్టు అది. వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి, తెచ్చిన పిల్లల లెక్క తలా ఒకరి పేరు మీద రాస్తారు. పక్క టీచరు అక్కడ పోటీదారు. ఏటా సగం స్టాఫ్ మారిపోయే బడిలో జట్టు గురించి శిక్షణ తరగతులు పెట్టేకన్నా, పన్నెండు నెలల జీతం సమయానికి ఇచ్చి, సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేస్తే ఎక్కువ మేలు.

బదిలీ అయినా మిగిలేది

సర్కారు బడుల్లో జట్టు నిలవకపోవడానికి బదిలీలే కారణమని ఎక్కువగా వినబడుతుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒకేచోట హెచ్‌ఎంలకు 5 ఏళ్లు, టీచర్లకు 8 ఏళ్లు నిండితే కదలాల్సిందే. కౌన్సెలింగ్ ఏళ్ల తరబడి ఆగి, ఒక్కసారిగా జరిగినప్పుడు బడిలో సగం మంది ఒకే వారంలో రిలీవ్ అయిపోతారు. కట్టుకున్నది కూలుతుందన్న బాధలో న్యాయముంది.

కానీ జపాన్‌లోనూ ప్రభుత్వ బడుల టీచర్లను కొన్నేళ్లకోసారి వేరే బడికి మారుస్తారు. అయినా అక్కడి స్టాఫ్‌రూమ్ చెక్కుచెదరదు. కారణం, అక్కడ కలిసి పనిచేయడం మనుషుల స్నేహం మీద కాకుండా రోజువారీ అలవాటు మీద నిలబడింది. టీచర్లందరి బల్లలూ ఒకే పెద్ద గదిలో, తరగతుల వారీగా పక్కపక్కన ఉంటాయి. ఏడాదిలో కొన్నిసార్లు ఒక టీచరు పాఠం చెబుతుంటే తోటివారంతా ఆ గదిలో గోడల వెంట నిలబడి చూస్తారు. వాళ్ల కళ్లు ఉండేది టీచరు మీద కాదు, పిల్లల మీద, వారి నోటు పుస్తకాల మీద. తర్వాత కూర్చుని, ఏ చోట పిల్లలు తికమక పడ్డారు, బోర్డు మీద రాసిన వరుస సాయపడిందా లేదా అని మాట్లాడతారు. ఆ పాఠాన్ని ముందే అందరూ కలిసి తయారు చేస్తారు కాబట్టి తప్పు ఒక్కరిది కాకుండా పోతుంది. మన మూడో తరగతి టీచరుకు కావాల్సింది సరిగ్గా ఈ రక్షణే.

అలాంటి వేదిక మనకు లేకపోలేదు. దగ్గర దగ్గర బడులను కలిపి స్కూల్ కాంప్లెక్స్‌గా చేయాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో కాంప్లెక్స్ మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. అక్కడ ఎక్కువ సమయం సర్క్యులర్లు చదవడానికి, యాప్‌లలో పెండింగ్ ఎంట్రీలు గుర్తు చేయడానికి, గ్రూప్ ఫొటోకు పోతుంది. మోడల్ పాఠం అన్నది బాగా చెప్పేవారు ప్రదర్శించేదిగా మారింది, చప్పట్లతో ముగుస్తుంది. పిల్లలకు అందని పాఠాన్ని, ఎందుకు అందలేదో తెలియక తెచ్చిన టీచరుకు అక్కడ చోటు లేదు. మీటింగ్‌లో ఒక గంట అలాంటి పాఠానికి ఇస్తే, వచ్చిన అంశాన్ని మార్కులతో, తనిఖీతో ముడిపెట్టబోమని ఎంఈఓ మాటిచ్చి నిలబెట్టుకుంటే, రెండు మూడు నెలల తర్వాత అలాంటి పాఠాలు తెచ్చేవారు పెరుగుతారు. మాట నిలబెట్టుకోవడమే అందులో కష్టమైన భాగం.

హెచ్‌ఎం బదిలీ అయినప్పుడు ఛార్జి అప్పగింత అనే తంతు ఒకటుంది. వెళ్లేవారూ వచ్చినవారూ బల్లకు అటూ ఇటూ కూర్చుని జాబితా సరిచూసుకుంటారు. ఇనుప బీరువాలు, డెస్కులు, ఇత్తడి గంట, క్యాష్ బుక్, అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకం, ల్యాబ్ సామాను, విరిగిన గ్లోబు. ఇద్దరూ ప్రతి పేజీ కింద సంతకం పెడతారు. ఆరో తరగతిలో చదవలేని పిల్లలు ఎవరో, వాళ్లను మధ్యాహ్నం అరగంట ఎవరు కూర్చోబెట్టుకుంటున్నారో, ఏ ప్రయత్నం చేసి చూశాక ఫలించలేదో, ఏ పిల్లవాడి తండ్రి ఆటో నడుపుతాడు కాబట్టి రాత్రి 8 దాటాకే ఫోన్ ఎత్తుతాడో, ఇవేవీ ఆ జాబితాలో ఉండవు. స్టాఫ్ శుక్రవారాలు కూర్చుని రాసుకున్న నోటు పుస్తకం ఒకటి ఉంటే దాన్ని ఆ జాబితాలో ఆఖరి వరుసగా చేర్చడానికి పై నుంచి ఉత్తర్వులు అక్కర్లేదు. వచ్చిన హెచ్‌ఎం మొదటి స్టాఫ్ మీటింగ్‌లో దాన్ని తెరిచి, ‘ఈ 14 మంది పిల్లలు ఇప్పుడు ఏ దశలో ఉన్నారు మేడం?’ అని అడగొచ్చు.